సోదర క్రీడలు ఎదురుపడితే ఎవరి నియమం చెల్లుతుంది? షింటీ–హర్లింగ్, చెడుగుడు–కబడ్డీ చెబుతున్న పాఠం

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న పారిశ్రామిక పట్టణం బీర్‌గావ్. ఉర్లా పారిశ్రామిక వాడలోని కర్మాగారాలలో పని కోసం పలు రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలు ఈ ప్రాంతంలో స్థిరపడ్డాయి. ఇటువంటి చోట పిల్లలు ఆటకు దిగినప్పుడు ముందుగా తేలవలసిన విషయం ఒకటుంటుంది. ఆట అందరికీ తెలిసినదే, కాని పేరు వేరు, నియమం వేరు. ఛత్తీస్‌గఢీలో భౌరా అనేది తెలుగువారి బొంగరం. బాటీ అంటే గోలీలు. పిట్ఠుల్ అంటే ఏడు పెంకులాట. బిల్లస్ అంటే తొక్కుడు బిళ్ల. గిల్లీ–దండా అంటే కోస్తాలో బిళ్లంగోడు, తెలంగాణలో చిర్రగోనె.

ఒకే కుదురు నుంచి పుట్టి, వేర్వేరు నేలల్లో పెరిగిన రెండు ఆటలు ఒకే మైదానంలో ఎదురుపడితే ఏ నియమం ప్రకారం ఆడాలి? ఈ ప్రశ్నకు ప్రపంచ క్రీడాచరిత్రలో రెండు భిన్నమైన సమాధానాలు కనిపిస్తాయి. మొదటిది స్కాట్లాండ్ క్రీడ షింటీ, ఐర్లండ్ క్రీడ హర్లింగ్ కుదుర్చుకున్న ఒప్పందం. రెండవది మన చెడుగుడు, మహారాష్ట్ర హుటుటు, వంగదేశపు హడుడు కలిసి కబడ్డీగా మారిన చరిత్ర. ఆ చరిత్రలో ఒక ముఖ్య ఘట్టానికి బీర్‌గావ్‌కు కొద్ది దూరంలోనే ఉన్న భిలాయి వేదికైంది.

ఒకే మాట, రెండు కర్రలు

షింటీ, హర్లింగ్ రెండూ కర్రతో బంతిని కొట్టే ఆటలు. తొలిసారి చూసేవారికి రెండూ హాకీకి దగ్గరగా కనిపిస్తాయి. అయితే హాకీలో లేని స్వేచ్ఛ వీటిలో ఉంది. కర్రను భుజాల పైకెత్తి, గాలిలో ఉన్న బంతిని బలంగా కొట్టవచ్చు. రెండింటి మూలం గేలిక్ సంస్కృతి. ఐర్లండ్ నుంచి స్కాట్లాండ్ పర్వత ప్రాంతాలకు భాషతో పాటు ఆట కూడా తరలివెళ్లిందని చరిత్రకారులు చెబుతారు. స్కాట్లాండ్ ఆటగాళ్లు తమ కర్రను ‘కామన్’ అంటారు. ఐర్లండ్ ఆటగాళ్లు ‘కమాన్’ అంటారు. రెండూ ఒకే మాట. వంగినది అనే అర్థమిచ్చే మూలం నుంచి అది పుట్టింది.

శతాబ్దాల ఎడబాటులో ఆ రెండు కర్రల ఆకారం మారిపోయింది. షింటీ కర్ర కొన సన్నగా, కోత కోసి చూస్తే త్రికోణంగా ఉంటుంది. రెండు వైపులా కొట్టడానికి వీలుంటుంది. హర్లింగ్ కర్ర కొన వెడల్పుగా, చదునుగా ఉంటుంది. దానిపై బంతిని నిలుపుకుని ఆటగాడు పరుగు తీయగలడు.

తేడాలలో అతి ముఖ్యమైనది చేతి వాడకం. హర్లింగ్ ఆటగాడు బంతిని చేతితో అందుకోవచ్చు, కొన్ని అడుగులు మోయవచ్చు, అరచేతితో చరిచి సహచరునికి అందించవచ్చు. షింటీలో గోల్‌కీపర్‌కు తప్ప మరెవరికీ చేయి తగిలించే హక్కు లేదు. ఆ గోల్‌కీపర్ సైతం బంతిని అరచేతితో ఆపాలే తప్ప పట్టుకోరాదు.

గోల్ విషయంలోనూ రెండు ఆటలవి వేర్వేరు దారులు. షింటీలో అడ్డుకర్ర కింద నుంచి బంతి పోతేనే లెక్క. హర్లింగ్‌లో గోల్ స్తంభాలు అడ్డుకర్రను దాటి పైకి లేచి ఉంటాయి. అడ్డుకర్ర కింద నుంచి పోతే మూడు పాయింట్లు, పై నుంచి పోతే ఒక పాయింటు. షింటీ జట్టులో 12 మంది, హర్లింగ్ జట్టులో 15 మంది ఉంటారు. షింటీ 90 నిమిషాల ఆట. హర్లింగ్‌లో కౌంటీల అగ్రశ్రేణి పోటీలు 70 నిమిషాలు సాగుతాయి.

ఇచ్చిపుచ్చుకునే నియమావళి

హర్లింగ్‌ను నిర్వహించే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 1884లో ఐర్లండ్‌లోని థర్లెస్ పట్టణంలో ఏర్పడింది. షింటీ పాలక సంస్థ కమానక్ అసోసియేషన్ 1893లో స్కాట్లాండ్‌లోని కింగ్యుసీలో ఏర్పడింది. అంటే రెండు క్రీడలకూ 19వ శతాబ్దం ముగిసేలోపే సొంత సంస్థ, సొంత నియమ గ్రంథం సమకూరాయి. ఆ శతాబ్దపు చివరి సంవత్సరాలలోనే రెండు క్రీడల జట్లూ పరస్పరం తలపడ్డాయి. 1924లో డబ్లిన్‌లో జరిగిన టాల్చన్ క్రీడోత్సవంలో స్కాట్లాండ్, ఐర్లండ్ జట్లు ఎదురుపడ్డాయి. ఆ తరువాత దీర్ఘ విరామం వచ్చింది. 1970లలో ఈ పోటీలు తిరిగి మొదలయ్యాయి. 1993 నుంచి మధ్యలో కొన్ని అంతరాయాలు మినహా ఏటా జరుగుతున్నాయి.

ఈ పోటీకి ప్రత్యేకంగా ఒక ఉమ్మడి నియమావళిని రూపొందించారు. దానిని నిలబెడుతున్నది ఇచ్చిపుచ్చుకునే సూత్రం. ప్రతి జట్టూ తన కర్రతోనే ఆడుతుంది. బంతిని చేతితో పట్టుకునే హక్కును ఐర్లండ్ ఆటగాళ్లు ఆ రోజుకు వదులుకుంటారు. అందుకు ప్రతిగా అడ్డుకర్ర పై నుంచి పోయిన బంతికి పాయింటు ఇచ్చే హర్లింగ్ పద్ధతిని స్కాట్లాండ్ ఆటగాళ్లు అంగీకరిస్తారు. కింద నుంచి పోతే మూడు పాయింట్లు, పై నుంచి పోతే ఒకటి. ఫ్రీ హిట్‌లో నేలపై ఉన్న బంతిని నేరుగా కొట్టి అడ్డుకర్ర పై నుంచి పంపితే రెండు. నేల మీది బంతిని కొట్టడం షింటీ ఆటగాళ్లకు నిత్యాభ్యాసం కనుక ఈ చివరి నియమం వారికి కొంత ఊరట. జట్టులోని ఆటగాళ్ల సంఖ్యను కూడా 12కు, 15కు మధ్యస్థంగా నిర్ణయించారు.

ఈ ఏర్పాటులో ఎవరి ఆటా సంపూర్ణంగా కనిపించదు. హర్లింగ్ అభిమానికి చేతి నైపుణ్యం లేని లోటు తెలుస్తుంది. షింటీ అభిమానికి అడ్డుకర్ర పైన వచ్చే పాయింటు కొత్తగా తోస్తుంది. అయినా పోటీ ముగిసిన మరునాడు ఇరుపక్షాలూ తమ తమ ఆటలకు తిరిగి వెళ్లిపోతాయి. ఉమ్మడి నియమం ఆ ఒక్క రోజుకే పరిమితం. అదే ఈ రెండు క్రీడలకూ రక్షణ.

మన నేలపై మరో కథ

ఉపఖండంలో కబడ్డీ కుటుంబానికి చెందిన ఆటలు ఎదురుపడిన తీరు ఇందుకు భిన్నమైనది. ఒక ఆటగాడు ఊపిరి బిగబట్టి ఒక మాటను పలుకుతూ ఎదుటి బరిలోకి వెళ్లడం, ఎవరినైనా తాకి, పట్టుబడకుండా తిరిగి రావడం ఈ ఆటలన్నింటికీ సామాన్యం. తెలుగునాట దీని పేరు చెడుగుడు. తమిళనాట సడుగుడు. మహారాష్ట్రలో హుటుటు. బెంగాల్‌లో హడుడు. శ్రీలంకలో గుడు. ఈ పేర్లలో చాలావరకు ఆటగాడు వదలకుండా పలికే కూత నుంచే వచ్చాయి.

నియమాలు ప్రాంతానికొక తీరుగా ఉండేవి. వాటిని స్థూలంగా కొన్ని పద్ధతులుగా వర్గీకరించారు. సంజీవని పద్ధతిలో ఎదుటి పక్షం వారు ఒకరు ఔటైతే, అంతకుముందు ఔటైన తమ ఆటగాడొకరు తిరిగి బరిలోకి వస్తాడు. జట్టుకు తొమ్మిది మంది, ఆటకు నిర్ణీత సమయం ఉంటాయి. గామినీ పద్ధతిలో జట్టుకు ఏడుగురు. ఔటైనవాడు, జట్టంతా ఔటయ్యేదాకా బయటే ఉండాలి. ప్రత్యర్థి జట్టును పూర్తిగా ఖాళీ చేసినవారికే పాయింటు. దీనికి కాలపరిమితి లేదు. అమర్ పద్ధతిలో తాకబడినవాడు బయటికి వెళ్లనే వెళ్లడు, ఎదుటివారికి పాయింటు మాత్రమే చేరుతుంది.

20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో మహారాష్ట్రలోని వ్యాయామ సంస్థలు ఈ వైవిధ్యానికి ఒక చట్రం ఏర్పరచడానికి పూనుకున్నాయి. 1923లో బరోడాలో అఖిల భారత స్థాయి పోటీ జరిగింది. 1938లో కలకత్తాలో జరిగిన జాతీయ క్రీడలలో కబడ్డీకి చోటు దక్కింది. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడింది. 1952లో మద్రాసులో పురుషుల జాతీయ పోటీలు, 1955లో కలకత్తాలో మహిళల పోటీలు జరిగాయి.

నేడు అమలులో ఉన్న నియమాలను పరిశీలిస్తే పాత పద్ధతుల ఆనవాళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఏడుగురు ఆటగాళ్లు గామినీని గుర్తుకు తెస్తారు. పాయింటు వచ్చినప్పుడు ఔటైన సహచరుడు తిరిగి రావడం, 20 నిమిషాల చొప్పున రెండు అర్ధభాగాలతో నిర్ణీత సమయం ఉండడం సంజీవని లక్షణాలు. జట్టంతా ఔటైతే ప్రత్యర్థికి రెండు అదనపు పాయింట్లు దక్కే ‘లోనా’లో మళ్లీ గామినీ స్ఫూర్తి ఉంది. పురుషులకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మహిళలకు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు గల బరిని నిర్దేశించారు.

భిలాయి, 1978

దేశంలో ఒక్కటైన ఆట, సరిహద్దులు దాటవలసిన ఘట్టం తరువాత వచ్చింది. 1972లో బంగ్లాదేశ్ ప్రభుత్వం కబడ్డీని తన జాతీయ క్రీడగా ప్రకటించింది. అక్కడి పల్లెలకు హడుడుగా పరిచయమైన ఆట అధికారికంగా కబడ్డీ అయింది. 1974లో భారత జట్టు బంగ్లాదేశ్‌లో పర్యటించి పోటీలు ఆడింది. 1979లో ఆ దేశపు జట్టు భారత్‌కు వచ్చింది.

ఆ రెండు పర్యటనల మధ్యలో, 1978లో, భిలాయిలో జాతీయ కబడ్డీ పోటీల రజతోత్సవం జరిగింది. అప్పటికి భిలాయి మధ్యప్రదేశ్‌లో భాగం. ఉక్కు కర్మాగారం చుట్టూ ఎదిగిన ఆ నగరంలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. ఆ ఉత్సవాల సందర్భంగా భారత్, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ ప్రతినిధులు ప్రత్యేకంగా సమావేశమై ఆసియా అమెచ్యూర్ కబడ్డీ సమాఖ్యను స్థాపించారు. నాలుగు దేశాలలో నాలుగు తీరులుగా సాగుతున్న ఆటకు ఉమ్మడి గొడుగు ఏర్పడింది.

ఫలితాలు త్వరగానే కనిపించాయి. 1980లో కలకత్తాలో తొలి ఆసియా ఛాంపియన్‌షిప్ జరిగింది. భారత్ విజేతగా, బంగ్లాదేశ్ రెండవ స్థానంలో నిలిచాయి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో కబడ్డీని ప్రదర్శన క్రీడగా ఆడించారు. 1990 బీజింగ్ క్రీడలలో పతకాల పట్టికలోకి చేరింది. 2010 గ్వాంగ్‌జౌ క్రీడలలో మహిళల విభాగం మొదలైంది. 2014లో ప్రో కబడ్డీ లీగ్ ఆరంభమైనప్పుడు తెలుగు టైటాన్స్ తొలి జట్లలో ఒకటి. 2018 జకార్తా క్రీడలలో పురుషుల, మహిళల స్వర్ణ పతకాలు రెండూ ఇరాన్ గెలుచుకున్నాయి. ఆట పుట్టిన ఉపఖండం వెలుపలి దేశం భారత్‌ను ఓడించగలగడం ఏకరూప నియమాల ఘనతకు నిదర్శనం. ఇరాన్ ఆటగాళ్లు చెడుగుడు నేర్చుకోలేదు, హడుడు నేర్చుకోలేదు. ఒకే పుస్తకంలో రాసి ఉన్న ఆటను నేర్చుకున్నారు.

కూత ఒక్కటే మిగిలింది

ఈ విజయానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. అంతర్జాతీయ నియమావళిలో కూత అంటే ఏమిటో నిర్వచనం ఉంది. ఒకే ఊపిరిలో, స్పష్టంగా, బయటికి వినబడేలా, ఆమోదించిన పదాన్ని ఆగకుండా పలకాలి. ఆ ఆమోదించిన పదం ‘కబడ్డీ’ ఒక్కటే. చెడుగుడు అని, హుటుటు అని, హడుడు అని పలికితే అది కూత కిందికి రాదు.

షింటీ–హర్లింగ్ ఒప్పందంతో పోల్చి చూస్తే ఈ తేడా ఎంతటిదో అర్థమవుతుంది. అక్కడ స్కాట్లాండ్ ఆటగాడు తన కామన్‌ను, ఐర్లండ్ ఆటగాడు తన కమాన్‌ను చేతబట్టుకునే మైదానంలోకి దిగుతారు. కబడ్డీలో ఆటగాడి చేతిలో ఏ పరికరమూ ఉండదు. అతని పరికరం ఊపిరి, దానిపై నిలిచే మాట. ఆ మాటే మారినప్పుడు మారినది పేరు మాత్రమే కాదు, పరికరం కూడా. పల్లెలలో కూత పెట్టేవారు ఒక్క మాటతో సరిపెట్టక, ప్రాసతో కూడిన పాదాలను గుక్క తిప్పుకోకుండా అల్లుకుంటూ పోయేవారు. నియమబద్ధమైన ఆటలో వాటికి చోటు లేకపోయింది. తెలుగులో చెడుగుడు అనే మాట నేడు ఆటస్థలంలో కంటే, ప్రత్యర్థిని ముప్పుతిప్పలు పెట్టారని చెప్పే నుడికారంలోనే ఎక్కువగా వినిపిస్తుంది.

రెండు కథలు ఇంత భిన్నంగా ముగియడానికి కారణం ఆటల స్వభావంలో లేదు. ఎదురుపడే నాటికి షింటీకి, హర్లింగ్‌కు ఎవరి సంస్థ వారికి, ఎవరి పుస్తకం వారికి ఉంది. ఏది వదులుకోవాలో, ఏది వదులుకోకూడదో ఇరుపక్షాలూ బేరమాడగలిగాయి. చెడుగుడుకు అటువంటి ప్రత్యేక సంస్థ లేదు. దాని నియమాలు ఆడేవారి జ్ఞాపకంలోనే ఉన్నాయి. కలవడానికి పిలుపు వచ్చినప్పుడు తన తరఫున మాట్లాడే పుస్తకం దానికి లేకపోయింది.

కలవకుండా నిలిచిన సోదరి

ఈ కుటుంబంలో ఒక ఆట మాత్రం విడిగా నిలిచింది. అది పంజాబ్ వృత్త కబడ్డీ. దీర్ఘచతురస్రపు బరికి బదులు 22 మీటర్ల వ్యాసం గల వృత్తంలో దీనిని ఆడతారు. జట్టుకు ఎనిమిది మంది. కూతకు వచ్చినవానిని ఎదుర్కొనేందుకు నలుగురు నిలబడినా, ఒకసారి ఒక్కరే పట్టుకోవాలి. గుంపుగా చుట్టుముట్టే వ్యూహానికి ఇక్కడ తావు లేదు. ఇద్దరు బలాఢ్యుల మధ్య మల్లయుద్ధంలా ఆట సాగుతుంది. పాయింటు పోయినా ఆటగాడు బయటికి వెళ్లడు.

పంజాబ్ నుంచి కెనడాకు, బ్రిటన్‌కు వలస వెళ్లినవారు ఈ రూపాన్నే తమ వెంట తీసుకువెళ్లారు. ఊరి జాతరలు, ప్రవాసుల పోటీలు దీనిని పోషించాయి. పంజాబ్ ప్రభుత్వం 2010లో ప్రత్యేకంగా వృత్త కబడ్డీ ప్రపంచకప్ ప్రారంభించింది. ఆసియా క్రీడలలో ఆడేది దీర్ఘచతురస్రపు కబడ్డీయే అయినా, వృత్త కబడ్డీకి సొంత పోటీలు, సొంత నియమాలు, సొంత ప్రేక్షకులు ఉన్నందున అది దానిలో కలిసిపోలేదు.

బిళ్లంగోడు ముందున్న ప్రశ్న

ఛత్తీస్‌గఢ్‌లో 2022 అక్టోబరు 6న ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్ పేరిట సంప్రదాయ క్రీడల పోటీలు మొదలయ్యాయి. తొలి ఏడాది 14 క్రీడాంశాలు ఉన్నాయి. కబడ్డీ, ఖోఖోలతో పాటు గిల్లీ–దండా, పిట్ఠుల్, బాటీ, భౌరా, బిల్లస్, గేడీ పరుగు, ఫుగ్‌డీ వంటివి వాటిలో చేరాయి. 2023లో ఆ సంఖ్య 16కు పెరిగింది. గ్రామస్థాయి నుంచి రాష్ట్రస్థాయి వరకు పోటీలు జరపాలంటే వీధి ఆటకు ఏకరూప నియమాలు తప్పనిసరి. బరి కొలత, కొట్టే అవకాశాల సంఖ్య, ఔట్ నిర్ణయం ఒకే తీరుగా ఉండాలి.

గిల్లీ–దండాకు ఇది ముఖ్యమైన మలుపు. ఆట మూలసూత్రం అన్నిచోట్లా ఒకటే. పొడవైన కర్రతో చిన్న కర్రముక్కను లేపి, గాలిలో ఉండగా దూరంగా కొట్టాలి. ఎదుటివారు దానిని నేల తాకకముందే పట్టుకుంటే కొట్టినవాడు ఔట్. కాని వివరాలు ఊరూరా మారుతాయి. కొన్నిచోట్ల చిన్న గుంట తవ్వి, దానిపై బిళ్లను అడ్డంగా పెట్టి లేపుతారు. కొన్నిచోట్ల నేలపై ఉంచి కొనపై కొట్టి లేపుతారు. బిళ్ల పడిన దూరాన్ని ఆ పొడవైన కర్రతోనే కొలిచే చోట్లలో కొలత లెక్కకు ప్రత్యేకమైన మాటలు ఉన్నాయి. ఓడినవారికి విధించే శిక్షలు కూడా ప్రాంతానికొక తీరు. బిళ్లంగోడు, చిర్రగోనె అనే రెండు పేర్ల వెనుక కూడా ఇటువంటి తేడాలు ఉన్నాయి.

అంటే ఈ ఆట నేడు, వందేళ్ల కిందట చెడుగుడు ఉన్న స్థితిలో ఉంది. ఒక ప్రాంతపు పద్ధతి కాగితం ఎక్కుతోంది. మిగిలినవి జ్ఞాపకంలోనే ఉన్నాయి. రేపు ఈ ఆటకు జాతీయ స్థాయి పోటీ అంటూ వస్తే, రాసి ఉన్న నియమమే ప్రమాణమవుతుంది.

ఏకరూపత చెడ్డదని ఈ చరిత్ర చెప్పదు. అది లేకపోతే కబడ్డీ ఆసియా క్రీడలకు చేరేది కాదు, ఊరి కుర్రవాడికి ఆ ఆట జీవనోపాధి అయ్యేది కాదు. అయితే కలయికకు ముందే ప్రతి ప్రాంతమూ తన ఆటను నమోదు చేసుకుంటే, ఏది ఇచ్చి ఏది పుచ్చుకుంటున్నామో తెలిసి కలవవచ్చని షింటీ–హర్లింగ్ అనుభవం చెబుతోంది. బరి కొలతలు, ఔట్ నియమాలు, లెక్క మాటలు, కూత పాదాలు ఆడినవారి నోటి నుంచి సేకరించి రాసిపెట్టడానికి పెద్ద వ్యయం అక్కరలేదు. ఆ మాటలు తెలిసిన తరం ఇంకా ఉన్నప్పుడే ఆ పని జరగాలి. బీర్‌గావ్ వంటి వలస పట్టణాలలో భౌరా అనేవారూ బొంగరం అనేవారూ ఇరుగుపొరుగున ఉంటారు కనుక, ఒకే ఆటకున్న రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి నమోదు చేయడానికి అటువంటి చోట్లు అనుకూలమైనవి.